ఊరంతా కలిసి ‘లేదు’ అంటే అది స్వేచ్ఛేనా?

2024 మార్చిలో కేంద్ర హోం శాఖ ఒక పంపకం పూర్తిచేసింది. ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్ ఆస్తి, పదేళ్ళ తగాదా తర్వాత, రెండు తెలుగు రాష్ట్రాల మధ్య తేలింది. మొత్తం 19.781 ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్‌కు 11.536, తెలంగాణకు 8.245 వచ్చాయి. 58.32, 41.68 శాతాల జనాభా నిష్పత్తి ప్రకారం ఈ లెక్క కట్టారు.

ఆ పదేళ్ళూ నడిచిన వాదనలు రెండే. ఇది నిజాం సంపాదించిన భూమి, కాబట్టి హైదరాబాద్ రాష్ట్రానికి వారసులమైన మాకే చెందాలి అని తెలంగాణ అన్నది. ఉమ్మడి రాష్ట్రం ఆస్తి కాబట్టి తలల లెక్కన పంచాలి అని ఆంధ్రప్రదేశ్ అన్నది. నేను ఢిల్లీలో రాజకీయ తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పుస్తకాల భాషలో మొదటిది చారిత్రక హక్కు వాదన, రెండోది పంపిణీ వాదన. ఆస్తి ఎవరిదని తేల్చడానికి ‘మొదట ఎవరు ఎలా సంపాదించారు’ అని అడగడం ఒక పద్ధతి. ‘ఇప్పుడు ఎవరికి ఎంత ఉండాలి’ అని అడగడం ఇంకో పద్ధతి.

మూడో ప్రశ్న మాత్రం ఏ ప్రభుత్వమూ అడగలేదు. ఢిల్లీలో భూమి తీసుకుని లుట్యెన్స్ చేత హైదరాబాద్ హౌస్ కట్టించుకున్న ఏడో నిజాం ఖజానాలోకి ఆ డబ్బు ఎవరి చెమట నుంచి వచ్చింది? నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫెఖాస్ భూములు, జాగీర్‌దార్ల ఊళ్ళు, దేశ్‌ముఖుల గడీలు, వాటన్నిటి అడుగున కూలీ లేని వెట్టి. ఆ వెట్టి చేసిన మాల మాదిగలకు, చాకలి మంగలి కులాలకు 19.781 ఎకరాల లెక్కలో వాటా అడిగే పేరే లేదు.

ఈ వ్యాసం ఆ భూమి కోసం కాదు. ఆ ప్రశ్నను అడగనివ్వని ఒక సిద్ధాంతం గురించి. ఇవాళ మన చదువుకున్న కుర్రాళ్ళలో కూడా అది పాకుతోంది. ‘నా ఇల్లు నా ఇష్టం, నా కంపెనీ నా ఇష్టం, నా డబ్బు మీద ప్రభుత్వానికేం హక్కు’ అనే మాటల వెనక ఉన్నది అదే. దాని పేరు లిబర్టేరియన్ సహజ హక్కుల సిద్ధాంతం.

సిద్ధాంతం ఏమంటుంది

దీన్ని అందంగా చెప్పిన పుస్తకం అమెరికా తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో రాసిన ‘అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా’. మనిషికి తన దేహం మీద తనకే హక్కు. ఆ దేహంతో చేసిన శ్రమ తనదే. ఎవరికీ చెందని వస్తువును న్యాయంగా తన సొంతం చేసుకుంటే అది తనది. దాన్ని ఇష్టపడి ఇంకొకరికి ఇస్తే, అమ్మితే, అది వాళ్ళది. ఈ గొలుసులో ఎక్కడా బలవంతం, మోసం లేకపోతే చివరికి ఒకడి దగ్గర కోట్లు, ఇంకొకడి దగ్గర చిల్లిగవ్వ లేకపోయినా అది న్యాయమే. గొలుసులో ఎక్కడైనా దొంగతనం ఉంటే సరిదిద్దాలి. రాజ్యం పని దొంగల నుంచి, హంతకుల నుంచి కాపాడడం, ఒప్పందాలు అమలుచేయడం. అంతకు మించి చేస్తే రాజ్యమే దొంగ.

ఈ సిద్ధాంతాన్ని వెక్కిరించి పక్కన పెట్టలేం. ‘నీ దేహం నీది’ అన్న మాట దళితుడికి చిన్న మాట కాదు. మన తాతల దేహాలు దొరవి. పోలీసు లాకప్పులో చచ్చేవాళ్ళు, బుల్డోజర్ కింద గుడిసె పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువగా ఎవరో మనకు తెలుసు. రాజ్యం చేతికి హద్దు ఉండాలని కోరుకోవడానికి మనకంటే ఎక్కువ కారణం ఉన్నవాళ్ళు ఎవరు?

అసైన్డ్ భూముల సంగతే తీసుకోండి. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి చేతులు మారకూడదని 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. పెద్ద రైతులు చవగ్గా కొనేయకుండా అది కాపు కాసింది. కానీ భూసేకరణ వచ్చేసరికి అదే ప్రభుత్వం, ‘ఇది మేమిచ్చిన భూమేగా’ అని పట్టా రైతుకిచ్చే పరిహారం దళిత రైతుకు ఎగ్గొట్టింది. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పాల్సి వచ్చింది. ఎకరం ఉన్న దళితుడికి ఆస్తి హక్కు గొడుగు లాంటిది. దాన్ని వద్దనడం నా ఉద్దేశం కాదు. ఆ గొడుగు ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం నా ఉద్దేశం.

గొలుసు మొదట్లో ఎవరున్నారు

మొదటి హద్దు గతంలో ఉంది. సహజ హక్కులకు మూలపురుషుడిగా చెప్పే జాన్ లాక్, శ్రమ కలిపితే భూమి సొంతమవుతుందని 17వ శతాబ్దంలో రాశాడు. మంచిదే. అయితే అదే చోట, తన సేవకుడు కోసిన పచ్చగడ్డి కూడా తన ఆస్తే అని ఒక ఉదాహరణ ఇచ్చాడు. ఆ ఒక్క వాక్యంలో మన పాలేరు జీవితం మొత్తం ఇమిడిపోయింది. దున్నింది పాలేరు, నాటింది పాలేరు పెళ్ళాం, శ్రమ కలిపినవాడు మాత్రం ఆసామి!

నోజిక్‌కు ఈ ఇబ్బంది తెలుసు. అందుకే సరిదిద్దే సూత్రం పెట్టాడు. గతంలోని అన్యాయం చాలా పెద్దదైతే, కొంతకాలం పెద్ద రాజ్యం అవసరం కావచ్చని కూడా ఒప్పుకున్నాడు. అతనికంటే కఠినంగా మాట్లాడే ముర్రే రోత్‌బార్డ్ ఇంకో అడుగు వేశాడు. భూస్వామ్య పట్టాలు చెల్లవు, దున్నేవాడిదే భూమి, అమెరికాలో తోటలు ఆ తోటల్లో పనిచేసిన బానిసలకే దక్కాల్సింది అన్నాడు. ఈ మాటలను మన లిబర్టేరియన్లు ఎప్పుడైనా చెప్పగా విన్నారా? పన్ను దొంగతనమని చెప్పే పేజీ వాళ్ళకు కంఠతా వస్తుంది. భూమి తిరిగివ్వాలని చెప్పే పేజీ మాత్రం తెరుచుకోదు.

తెరిచినా లాభం తక్కువ. ఎందుకంటే ఆ సూత్రం దొంగ ఎవరో, బాధితుడు ఎవరో, అతని వారసుడు ఎవరో చూపించమంటుంది. చూపించలేకపోతే ఇప్పుడు చేతిలో ఉన్నవాడిదే ఆస్తి అని రోత్‌బార్డే తేల్చాడు. కులం చేసిన పని సరిగ్గా అదే. అది మన పొలం గుంజుకుని పారిపోయిన దొంగ కాదు. మనకు పొలం ఉండకూడదని, చదువు ఉండకూడదని, దస్తావేజు మీద పేరు ఉండకూడదని ముందే ఏర్పాటు చేసిన వ్యవస్థ. పోగొట్టుకున్నదానికి రుజువు తెమ్మంటే, ఏనాడూ సొంతం చేసుకోనివ్వని వాడు ఏ కాగితం తేగలడు? అశోకా రోడ్డు భూమి మీద రెండు రాష్ట్రాలకు కాగితాలున్నాయి. వెట్టికి కాగితం లేదు.

ఒక తెలుగు న్యాయమూర్తి, రెండు తీర్పులు

అశోకా రోడ్డు ఒక చివర ఇండియా గేట్ చుట్టూ తిరిగే రోడ్డులో కలుస్తుంది. అదే రోడ్డు నుంచి తిలక్ మార్గ్ విడిపోతుంది. అక్కడున్న సుప్రీంకోర్టులో 1967 ఫిబ్రవరి 27న సహజ హక్కుల మాట భారత రాజ్యాంగ చరిత్రలో అన్నిటికంటే గట్టిగా వినిపించింది. చెప్పినవాడు మన తెలుగువాడు, రాజమండ్రిలో పుట్టిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు.

అది గోలక్‌నాథ్ కేసు. పంజాబ్‌లోని జలంధర్‌లో ఒక కుటుంబానికి 500 ఎకరాల పైన భూమి ఉంది. భూసంస్కరణ చట్టం ఒక్కొక్కరికి 30 ఎకరాలు ఉంచుకోమంది. వాళ్ళు కోర్టుకెక్కారు. ఆరుగురు ఒకవైపు, ఐదుగురు ఇంకోవైపు నిలబడిన ఆ తీర్పులో, ప్రాథమిక హక్కులను తగ్గించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకు లేదని సుబ్బారావు రాశారు. పాతకాలం సహజ హక్కులనే ఇప్పుడు ప్రాథమిక హక్కులంటున్నామని అన్నారు. ఆ హక్కుల జాబితాలో అప్పుడు ఆస్తి కూడా ఉంది. అంటే ఈ దేశంలో సహజ హక్కుల పెద్ద యుద్ధం, వందల ఎకరాలున్నవాళ్ళు 30 ఎకరాల దగ్గర ఆగాలా వద్దా అనే తగాదాలో జరిగింది. సెంటు భూమి లేనివాడి సహజ హక్కు ఏమిటని ఆ కేసులో ఎవరూ పిటిషన్ వేయలేదు.

రాజకీయాల్లోనూ ఇదే గొంతు అప్పటికే ఉంది. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సభ సహకార వ్యవసాయం తీర్మానం చేసింది. దానికి ఎదురుగా రాజాజీ, మీనూ మసానీ, గుంటూరు జిల్లా ఆచార్య ఎన్.జి. రంగా కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగా దానికి మొదటి అధ్యక్షుడు. 1967లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి. రైతు స్వేచ్ఛ అన్నది వాళ్ళ మాట. ఆ మాటలో రైతు ఉన్నాడు, రైతు పొలంలో కూలీ లేడు.

అయితే సుబ్బారావును ఒక్క గోలక్‌నాథ్‌తో కొలిచి వదిలేస్తే అన్యాయం. 1963లో దేవదాసన్ కేసులో నలుగురు న్యాయమూర్తులు భర్తీ కాని రిజర్వుడు ఖాళీలను తర్వాతి ఏడాదికి కలుపుకునే పద్ధతిని కొట్టేశారు. సుబ్బారావు ఒక్కరే విభేదించారు. మేలు జాతి పందెపు గుర్రాన్నీ మామూలు గుర్రాన్నీ ఒకే గీత మీద నిలబెట్టి పరిగెత్తించడం సమానత్వం కాదని వాదించారు. రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదు, సమానత్వంలోనే ఒక భాగం అనే ఆ ఆలోచన తర్వాత ఎన్.ఎం. థామస్ కేసులో, 1992 ఇంద్రా సహానీ తీర్పులో నిలబడింది. ఇవాళ్టి మన రిజర్వేషన్ న్యాయశాస్త్రానికి అదొక పునాదిరాయి.

ఒకే మనిషి, రెండు చూపులు. ఒక చూపులో ఇప్పుడు చేతిలో ఉన్నది సహజమైనదిగా కనిపించింది. ఇంకో చూపులో ఆ గీత దగ్గరికి ఎవరు ఎక్కడినుంచి నడిచి వచ్చారో కనిపించింది. మొదటి చూపును చరిత్ర ఒప్పుకోలేదు. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను పక్కన పెట్టింది. 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కుల జాబితా నుంచి వెళ్ళి 300ఎ అధికరణంగా మిగిలింది. రెండో చూపు మాత్రం బతికింది.

పిడికిలి లేని బలవంతం

గతాన్ని పక్కన పెడదాం. రేపు పొద్దున్నే భూములన్నీ సమానంగా పంచేశారనుకుందాం. అప్పుడైనా ఈ సిద్ధాంతం మనకు సరిపోతుందా? సరిపోదు. అసలు హద్దు ఇక్కడుంది.

సహజ హక్కుల సిద్ధాంతానికి రెండు రకాల బలవంతాలే కనిపిస్తాయి: దొంగ పిడికిలి, రాజ్యం లాఠీ. ఎవడైనా ఎవడితోనైనా వ్యవహారం మానుకోవచ్చు. అది అతని స్వేచ్ఛ. నేను నీ దగ్గర సరుకు కొనను, నీకు కూలి ఇవ్వను, నా పొలం కౌలుకివ్వను, నా ఆటో ఎక్కించుకోను. ఒక్కొక్క ‘ఇవ్వను’ను విడిగా చూస్తే ఎవరి హక్కూ పోలేదు. సున్నాలు ఎన్ని కలిపినా సున్నానే కదా అంటుంది సిద్ధాంతం.

చుండూరు అడగండి. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు తగిలిందని మొదలైన గొడవ తర్వాత ఊరి అగ్రకులాలు దళితవాడను వెలివేశాయి. పనులు ఆగిపోయాయి, పొలాల వైపు రానివ్వలేదు. నెల తిరిగాక ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆగస్టు 6 తప్పేనని లిబర్టేరియన్ కూడా ఒప్పుకుంటాడు. ఆ ముందు నెల సంగతేమిటి? కూలికి పిలవకపోవడం అతని లెక్కలో నేరమే కాదు. హత్యకు నేలను చదును చేసిన నెల అతనికి ఖాళీ పేజీ.

2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం అడిగినందుకు దళితులను వెలివేశారు. కౌళ్ళు ఆగాయి, కూలి పనులు ఆగాయి. ఎవరి మీదా కత్తి ఎత్తలేదు. ఉత్తర తెలంగాణ ఊళ్ళలో వీడీసీలనే గ్రామాభివృద్ధి కమిటీలున్నాయి. అవి పంచాయతీలు కావు, చట్టంలో వాటికి చోటు లేదు. ఊరి పెద్దలు కలిసి పెట్టుకున్న ప్రైవేటు సంఘాలు. జరిమానా వేస్తాయి. కట్టకపోతే వెలి. వెలివేసిన ఇంటితో మాట్లాడినవాడికీ జరిమానా. రాజ్యం లేని చోట లిబర్టేరియన్‌కు స్వేచ్ఛ కనిపిస్తుంది. మనకు వీడీసీ కనిపిస్తుంది.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి పుస్తకాల్లోంచి తెలియలేదు. 1917లో విదేశాల నుంచి తిరిగొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళినప్పుడు ఆయనకు ఉండడానికి చోటు దొరకలేదు. కులం దాచి దిగిన సత్రం నుంచి కర్రలు పట్టుకొచ్చినవాళ్ళు ఖాళీ చేయించారు. ఇద్దరు స్నేహితులను అడిగితే, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు, ఇద్దరూ తలో సాకు చెప్పి చోటివ్వలేదు. కొలంబియాలో చదివిన మనిషి ఒక తోటలో గంటల తరబడి కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్ళిపోయాడు. కర్రలను తీసేసి ఆలోచించండి. సత్రం యజమానికి తన సత్రం మీద హక్కుంది. స్నేహితులకు తమ ఇళ్ళ మీద హక్కుంది. ఎవరూ ఆయన సహజ హక్కును ముట్టుకోలేదు. ఊరు మొత్తంలో ఆయనకు నిలబడే చోటు మాత్రం లేకుండా పోయింది. ఏ హక్కూ భంగం కాకుండానే ఒక మనిషిని భూమి మీద నుంచి తుడిచేయగలిగితే, లోపం ఆ హక్కుల జాబితాలో ఉన్నట్టు.

అందుకే 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళినప్పుడు, ఆయన రెట్టమలై శ్రీనివాసన్‌తో కలిసి ఇచ్చిన పత్రంలో సాంఘిక బహిష్కరణను శిక్షార్హమైన నేరం చేయాలని అడిగారు. 1922 నాటి బర్మా బహిష్కరణ వ్యతిరేక చట్టాన్ని నమూనాగా తీసుకున్నారు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో మళ్ళీ అదే అడిగారు. రాజ్యం తప్పుకుంటే మిగిలేది స్వేచ్ఛ కాదు, భూస్వామి, యజమాని చలాయించే పెత్తనమే అని అందులో వాదించారు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో స్పష్టంగా నేరంగా చేరింది 2015 సవరణతో. అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. ఆయన అడిగినప్పటి నుంచి 85 ఏళ్ళు పట్టింది.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. బహిష్కరణ మన ఆయుధం కూడా కదా? 1955లో మోంట్‌గోమరీలో నల్లవాళ్ళు బస్సులెక్కడం మానేశారు. 2016లో ఊనా ఘటన తర్వాత గుజరాత్ దళితులు చచ్చిన పశువులను ఎత్తబోమన్నారు. అది హక్కైతే ఇది నేరమెలా అవుతుంది? తేడా ఉంది. ఊనా తర్వాత దళితులు నిరాకరించింది వాళ్ళ మీద పుట్టుకతో రుద్దిన పనిని. ఆ నిరాకరణ వల్ల ఎవరి పొయ్యీ ఆరిపోలేదు, తమ గేదె కళేబరాన్ని తామే తీసుకోవాల్సి వచ్చింది, అంతే. మోంట్‌గోమరీ నిరాకరణ మమ్మల్నీ సమానంగా కూర్చోనివ్వండి అని అడిగింది. చుండూరు నిరాకరణ మీరు ఇక్కడ బతకొద్దు అన్నది. నిరాకరించిన తర్వాత అవతలివాడు బతకగలడా, నిరాకరణ అతన్ని లోపలికి పిలుస్తోందా, బయటికి తోస్తోందా? ఈ రెండు ప్రశ్నలు అడగకుండా ‘ఎవరి ఇష్టం వాళ్ళది’ అనే సిద్ధాంతానికి బాధితుడూ పీడకుడూ ఒకేలా కనిపిస్తారు.

క్యాంటీన్ బల్ల మీద

ఢిల్లీలో తెలుగు విద్యార్థికి ఆంధ్రా భవన్ క్యాంటీన్ తెలియకుండా ఉండదు. టోకెన్ కొని, ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంటే పప్పు, పచ్చడి, అన్నం వడ్డిస్తారు. ఎదుటి కుర్చీలో ఎవరో సెక్రటేరియట్ అధికారి, పక్కన కోచింగ్ పిల్లలు, ఇంకోపక్క కేసు పని మీద ఊరినుంచి వచ్చిన రైతు. ఇంటిపేరు ఎవరూ అడగరు. ఇది సహజం అనిపిస్తుంది. ఇందులో సహజమైనది ఏదీ లేదు. మన ఊరి టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతే చాలాకాలం సహజంగా నడిచింది.

ఈ బల్లను సాధ్యం చేసింది ఒక వాక్యం. దుకాణాలు, హోటళ్ళలోకి కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని చెప్పే రాజ్యాంగం 15(2) అధికరణం. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగినప్పుడు, దుకాణం అంటే సరుకు అమ్మే కొట్టు మాత్రమే కాదు, సేవ అందించే ప్రతి చోటూ అని అంబేడ్కర్ వివరించారు. క్షౌరశాల, చాకిరేవు కూడా. అదే రోజు అంటరానితనాన్ని రద్దుచేసే అధికరణాన్ని సభ ఆమోదించింది. 2011లో సుప్రీంకోర్టు ఆ వివరణ పట్టుకునే ప్రైవేటు కాలేజీ కూడా ఆ అధికరణం కిందికి వస్తుందని చెప్పింది. మన ప్రాథమిక హక్కుల్లో ఈ అధికరణం ప్రత్యేకం. ఇది ప్రభుత్వంతో పాటు హోటల్ యజమానికీ హద్దు గీస్తుంది.

అమెరికాలో ఈ హద్దు గీసింది 1964 పౌరహక్కుల చట్టం. నల్లవాళ్ళకు గదులివ్వనన్న అట్లాంటాలోని ఒక మోటెల్ సుప్రీంకోర్టుకెక్కింది. తన ఆస్తి హక్కు పోతోందని వాదించింది. ఇష్టం లేని అతిథికి గది ఇమ్మనడం తన చేత బలవంతపు చాకిరి చేయించడమేనని, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణను కూడా తన రక్షణకు తెచ్చుకుంది. బానిసల పిల్లలకు గది నిరాకరించడానికి బానిసత్వ రద్దునే అడ్డం పెట్టుకున్నారు! కోర్టు ఒప్పుకోలేదు.

మన కోర్టు ఒకసారి ఇంకా లోతుకు వెళ్ళింది. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో స్టేడియాలు, ఫ్లైఓవర్లు కట్టిన కూలీలకు కనీస వేతనం దక్కలేదు. పీయూడీఆర్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. కూలి తక్కువని తెలిసీ వాళ్ళు ఇష్టపడే వచ్చారు కదా, ఇందులో బలవంతం ఎక్కడ అన్నది ప్రశ్న. ఆకలి కూడా బలవంతమే అని జస్టిస్ భగవతి సమాధానం. గత్యంతరం లేక కనీస వేతనానికి తక్కువకు పనిచేయడం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని తీర్పు చెప్పారు. నోజిక్ తన పుస్తకంలో, స్వేచ్ఛగల మనిషి తనను తాను బానిసగా అమ్ముకోవడానికి కూడా స్వేచ్ఛ ఉండాలన్నాడు. మన ఊళ్ళలో అలా ‘ఇష్టపడి’ అప్పు కింద బతుకు రాసిచ్చినవాడిని జీతగాడు అన్నారు. ఆ సంతకంలో నోజిక్‌కు స్వేచ్ఛ కనిపిస్తే, మన రాజ్యాంగానికి ఆకలి కనిపించింది.

ఇప్పుడు తేలాల్సింది

ఇదంతా పాత కథ కాదు. ఢిల్లీలో అద్దె గది వెతుక్కున్నప్పుడు ఒక యజమాని నా పేరు విని, ‘పూర్తి పేరు?’ అని ఇంకోసారి అడిగాడు. చెప్పాక గది నిన్ననే ఇచ్చేశామన్నాడు. బోర్డు ఆ తర్వాత రెండు వారాలు గేటుకు వేలాడుతూనే ఉంది. నేను ఏ చట్టం కింద ఫిర్యాదు చేయాలి? అతను నన్ను తిట్టలేదు, తోయలేదు. అది అతని ఇల్లు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ‘శాకాహారులకు మాత్రమే’ అన్న బోర్డు వెనక ఏ ప్రశ్న ఉంటుందో మనకు తెలుసు. 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో, ఒక సహకార గృహ సంఘం సభ్యత్వాన్ని ఒకే మతస్థులకు పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు సంఘ స్వేచ్ఛ పేరుతో ఒప్పుకుంది. చిన్న సమాజం తనను తాను కాపాడుకోవాలన్న ఆందోళన అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ తలుపును ఊరినిండా ఉన్న పెద్ద కులాలు వాడుకుంటే నగరం మొత్తం ఒక్కొక్క గేటుగా మూసుకుపోతుంది. ప్రైవేటు ఇళ్ళలో, ప్రైవేటు ఉద్యోగాల్లో వివక్షను మొత్తంగా అడ్డుకునే కేంద్ర చట్టం ఈ దేశానికి ఇంకా లేదు.

కాబట్టి అడగాల్సినవి మూడు. మహారాష్ట్ర 2016లో చేసినట్టు రెండు తెలుగు రాష్ట్రాలూ సాంఘిక బహిష్కరణ మీద ప్రత్యేక చట్టం చేయాలి. వీడీసీల వెలిని, జరిమానాలను అది పేరుపెట్టి నేరమనాలి. వెలివేతకు గురైన బీసీలకూ ముస్లింలకూ కూడా అది వర్తించాలి. ఎందుకంటే అత్యాచారాల చట్టం ఎస్సీ, ఎస్టీలను మాత్రమే కాపాడుతుంది. రెండోది, అద్దె ఇంటికి, ప్రైవేటు ఉద్యోగానికి వర్తించే వివక్ష వ్యతిరేక చట్టం. 15(2) హోటల్ తలుపు తీసింది, ఇంటి తలుపు ఇంకా తీయాలి. మూడోది, అసైన్డ్ భూముల్లో దళితుడి హక్కు అటు కొనేవాడి నుంచీ ఇటు ప్రభుత్వం నుంచీ రెండువైపులా కాపాడేలా ఉండాలి. అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చామని చెప్పి, అప్పులో ఉన్నవాడి చేత సంతకం పెట్టించుకునే దారి తెరవడం సంస్కరణ కాదు.

హక్కులు సహజమైనవా కావా అనే చర్చ మా సెమినార్ గదుల్లో ఇంకా చాలాకాలం సాగుతుంది. నాకు అందులో ఆసక్తి ఉంది, సాగనివ్వండి. కానీ ఒక మాట దగ్గర రాజీ లేదు. ఈ దేశంలో ‘సహజం’ అన్న మాటను మనకంటే ముందు కులం వాడుకుంది. పుట్టుకతో వచ్చిన వృత్తి సహజం, పుట్టుకతో వచ్చిన మైల సహజం అన్నది. ఆ సహజత్వాన్ని పగలగొట్టి, మనుషులు కూర్చుని రాసుకున్న కాగితం మన రాజ్యాంగం. మన హక్కులు ప్రకృతి ఇచ్చినవి కావు. పోరాడి రాయించుకున్నవి. రాయించుకున్నవి కాబట్టే ఇంకా రాయాల్సినవి ఉన్నాయి.